నవోదయ ఎంపిక: ముగ్గురు పిల్లల లెక్క

మన దేశంలో ప్రభుత్వ బడి అంటే వచ్చినవారందరినీ చేర్చుకునే బడి. 2009 విద్యాహక్కు చట్టం ఈ సంగతిని గట్టిగానే చెప్పింది. బడిలో చేర్చుకునే ముందు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పెట్టకూడదంది. సీట్లు తక్కువై, అడిగేవారు ఎక్కువైతే లాటరీ వంటి యాదృచ్ఛిక పద్ధతిని మాత్రమే ఒప్పుకుంది.

అయినా ప్రభుత్వమే పరీక్ష పెట్టి పిల్లలను ఏరుకునే బడులు కొన్ని ఉన్నాయి. వాటిలో అందరికీ తెలిసినవి జవహర్ నవోదయ విద్యాలయాలు. చట్టం వీటిని నిర్దిష్ట వర్గం (ప్రత్యేక స్వభావం ఉన్న ప్రభుత్వ బడులు) కింద పేర్కొంది. అక్కడ ప్రవేశ పరీక్ష ఇప్పటికీ నడుస్తోంది.

పేద పిల్లవాడికి ఇంతకంటే మంచి మెట్టు లేదని కొందరు అంటారు. పదేళ్ల పిల్లలను పరీక్షతో విడదీసి, కొందరికే మంచి బడి ఇవ్వడం ప్రభుత్వం చేయాల్సిన పని కాదని మరికొందరు అంటారు. రెండు వాదాల్లోనూ నిజం ఉంది. ఏది ఎంత నిజమో తేలాలంటే, ఈ ఎంపిక ఎలా పనిచేస్తుందో ముందు చూడాలి.

ఎక్కడ మొదలైంది

ఈ ఆలోచనకు తెలుగు నేలతో దగ్గరి సంబంధం ఉంది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో ఒక గురుకుల పాఠశాల మొదలైంది. ఆ ఊరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. పల్లెల్లో చురుకైన పిల్లలను ఎంచుకుని, తిండి, బస, చదువు అన్నీ ఒకేచోట ఇవ్వడం ఆ బడి ఉద్దేశం. తరువాత తాడికొండ, కొడిగెనహళ్లి గురుకులాలు వచ్చాయి. ఆ బడుల్లో చదివినవారు ఎందరో ఉన్నతోద్యోగాలకు చేరారు. పల్లె కుటుంబాల్లో గురుకులం సీటు అంటే గౌరవం ఏర్పడింది.

1985లో పి.వి. కేంద్రంలో మానవ వనరుల మంత్రి అయ్యారు. 1986 జాతీయ విద్యావిధానం జిల్లాకొక ఆదర్శ పాఠశాల కావాలంది. అదే నవోదయ. 1985-86లో మొదటి రెండు బడులు హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో మొదలయ్యాయి. భాషా విధానంపై అభ్యంతరంతో తమిళనాడు వీటిని తీసుకోలేదు. మిగతా దేశమంతటా విస్తరించాయి. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం మరో 28 నవోదయలకు అనుమతి ఇచ్చింది. అందులో 7 తెలంగాణవి. జిల్లాల విభజన తరువాత నవోదయ లేకుండా మిగిలిన కొత్త జిల్లాలు అక్కడ ఎక్కువ కావడం ఇందుకు కారణం.

ఆరో తరగతిలో ఒక్కో బడిలో 80 మంది వరకు చేరతారు. చదువు, వసతి, భోజనం, పుస్తకాలు, దుస్తులు అన్నీ ప్రభుత్వమే చూసుకుంటుంది. ఉపాధ్యాయులు బడి ఆవరణలోనే ఉంటారు. తొమ్మిదో తరగతిలో సుమారు 30 శాతం పిల్లలను ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతంలోని నవోదయకు పంపుతారు. తెలుగు పిల్లలు హిందీ ప్రాంతానికి వెళ్తారు, అక్కడివారు ఇక్కడికి వస్తారు. పేద కుటుంబం డబ్బుతో కొనుక్కోలేని బాల్యం ఇది.

ఇటీవలి ఏళ్లలో దేశం మొత్తం మీద దాదాపు 50,000 సీట్లకు 20 లక్షలకు పైగా దరఖాస్తులు వస్తున్నాయి. అంటే సీటు వచ్చే ప్రతి పిల్ల వెనుక సీటు రాని పిల్లలు దాదాపు నలభై మంది ఉంటారు. చర్చ అంతా ఈ నిష్పత్తి చుట్టూనే తిరుగుతుంది.

మొదటి ప్రశ్న: పరీక్ష ఎవరిని పట్టుకుంటుంది?

పరీక్ష రెండు గంటలు. 80 ప్రశ్నలు, 100 మార్కులు. మానసిక సామర్థ్యానికి 50, గణితానికి 25, భాషకు 25. తెలుగులోనూ రాయవచ్చు. ఒకసారి రాసినవారికి ఆరో తరగతి కోసం మళ్లీ అవకాశం లేదు.

దరఖాస్తుకు వయసు పరిమితి ఉంది. అయితే ఆ పరిమితిలోని చిన్న పిల్లకూ పెద్ద పిల్లకూ మధ్య రెండేళ్లకు పైగా తేడా ఉండవచ్చు. పదేళ్ల వయసులో రెండేళ్లు చాలా ఎక్కువ. ఇంగ్లండ్‌లో ఇలాంటి పరీక్ష పెట్టే బడులు పుట్టిన నెలను బట్టి మార్కులను సరిచేస్తాయి. తేడా చిన్నదైనా దాన్ని లెక్కలోకి తీసుకోవాలని అక్కడ గుర్తించారు.

ఇక ప్రశ్నల సంగతి. మానసిక సామర్థ్యం విభాగంలో బొమ్మలు ఉంటాయి. నాలుగింటిలో వేరుగా ఉన్నది గుర్తించాలి. అద్దంలో ప్రతిబింబం ఎలా ఉంటుందో చెప్పాలి. సగం గీసిన ఆకారాన్ని పూర్తిచేయాలి. ఇవి చదువుతో పనిలేని, సహజ తెలివిని కొలిచే ప్రశ్నలని ఒక నమ్మకం. కానీ ఇలాంటి బొమ్మలను ముందే వందసార్లు చూసిన పిల్లకూ, పరీక్ష హాలులో మొదటిసారి చూసిన పిల్లకూ మధ్య తేడా వస్తుంది. సాధనతో మార్కులు పెరుగుతాయి. అందుకే మండల కేంద్రాల్లో నవోదయ, సైనిక్ స్కూల్, గురుకులం పరీక్షలకు శిక్షణ కేంద్రాలు వెలిశాయి. ఫీజు కట్టగలిగిన తల్లిదండ్రులు మూడో తరగతి, నాలుగో తరగతి నుంచే పిల్లలను అక్కడికి పంపుతారు.

ఈ తేడాను సరిదిద్దడానికి నవోదయ నిబంధనల్లో గట్టి ఏర్పాట్లే ఉన్నాయి. జిల్లాలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంతాల పిల్లలకు ఇస్తారు. మూడింట ఒక వంతు సీట్లు ఆడపిల్లలకు కేటాయిస్తారు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు జిల్లా జనాభాను బట్టి రిజర్వేషన్ ఉంటుంది, అది జాతీయ స్థాయి శాతం కంటే తగ్గదు. తరువాతి కాలంలో ఓబీసీ కోటా కూడా చేరింది. ఇవేవీ లేకుండా ఒక్క మార్కుల వరుసనే నమ్ముకుంటే ఏమవుతుందో చూడాలంటే న్యూయార్క్‌కు వెళ్లాలి.

న్యూయార్క్ నగరంలో స్టైవెసెంట్, బ్రాంక్స్ సైన్స్ వంటి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు ఒకే ఒక్క పరీక్షతో పిల్లలను చేర్చుకుంటాయి. 1971లో రాష్ట్రం చేసిన చట్టం ఆ పద్ధతిని స్థిరపరిచింది. ఆ నగర ప్రభుత్వ బడుల్లో మూడింట రెండు వంతుల మంది నల్లజాతి, లాటినో పిల్లలే. అయినా 2019లో స్టైవెసెంట్ ఇచ్చిన 895 సీట్లలో నల్లజాతి విద్యార్థులకు దక్కినవి 7. పరీక్షను తీసేయాలని 2018లో మేయర్ ప్రతిపాదించారు. ఆసియా వలస కుటుంబాలు గట్టిగా వ్యతిరేకించాయి. వారిలో చాలామంది ధనికులు కారు. పరీక్ష ఒక్కటే తమకు తెరిచి ఉన్న తలుపు అని వారి వాదన. ప్రతిపాదన ఆగిపోయింది. అక్కడ ఒక పేద వర్గానికి తలుపైన పరీక్షే మరో పేద వర్గానికి గోడ అయింది.

మన నవోదయలో కోటాలు ఆ గోడను చాలావరకు తగ్గించాయి. అయితే ఒక సందు మిగిలింది. గ్రామీణ కోటా చూసేది పిల్ల 3, 4, 5 తరగతులు చదివిన బడి ఏ ఊళ్లో ఉందన్న సంగతినే. గుర్తింపు ఉంటే అది ఎలాంటి బడి అన్నది చూడదు. రోడ్డు పక్కన పెద్ద పంచాయతీలో ఉన్న ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడి కూడా నిబంధనల్లో గ్రామీణ బడే. అయిదు తరగతులకు ఇద్దరే టీచర్లున్న తండా ప్రాథమిక పాఠశాల కూడా గ్రామీణ బడే. రెండింటి నుంచి వచ్చిన పిల్లలూ ఒకే వరుసలో నిలబడతారు. కోటా నగరాన్ని పక్కకు జరిపింది. పల్లె లోపలి అంతరం మాత్రం అలాగే ఉండిపోయింది.

రెండో ప్రశ్న: బడి ఎంత కలుపుతోంది?

నవోదయల పదో తరగతి, పన్నెండో తరగతి ఫలితాలు ఏటా బాగుంటాయి. ఆ బడి గొప్పదనానికి అదే సాక్ష్యమని అందరూ అంటారు. ఇక్కడ కాస్త ఆగాలి. ఏరిన విత్తనం వేసి మంచి పంట తీశాక, అందులో నేల వాటా ఎంతో విత్తనం వాటా ఎంతో దిగుబడి లెక్క ఒక్కటే చెప్పదు. జిల్లాలో ముందున్న 80 మందిని తీసుకున్న బడికి మంచి ఫలితాలు రావడం సహజం. ఆ పిల్లలు వేరే బడిలో ఉన్నా బాగానే చదివేవారేమో. అసలు ప్రశ్న అదే.

దీన్ని తేల్చడానికి పరిశోధకులు ఒక పద్ధతి వాడతారు. కటాఫ్ 80 మార్కులు అనుకుందాం. 80 వచ్చిన పిల్ల లోపలికి వెళ్తుంది. 79 వచ్చిన పిల్ల ఊళ్లోనే ఉంటుంది. ఇద్దరి తెలివిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ రోజు ఒకరికి జలుబు చేసి ఉండవచ్చు, ఒకరు ఒక ప్రశ్నను ఊహించి సరిగ్గా పెట్టి ఉండవచ్చు. కాబట్టి గీతకు కాస్త పైనున్నవారినీ కాస్త కిందున్నవారినీ కొన్నేళ్ల తరువాత పోల్చితే, వారి మధ్య కనిపించే తేడా బడి తెచ్చినదే అవుతుంది. దీన్ని కటాఫ్ పోలిక (గీతకు అటూ ఇటూ ఉన్నవారిని పోల్చే పద్ధతి) అందాం.

ఈ పద్ధతితో వేర్వేరు దేశాల్లో వేర్వేరు జవాబులు వచ్చాయి. న్యూయార్క్, బోస్టన్ ఎంపిక బడులపై అబ్దుల్‌ఖాదిరోగ్లు, ఆంగ్రిస్ట్, పాఠక్ చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. గీత దాటి లోపలికి వెళ్లినవారి పరీక్ష మార్కులు, దాటలేకపోయినవారితో పోలిస్తే పెద్దగా పెరగలేదని తేలింది. కెన్యాలో పేరున్న జాతీయ పాఠశాలలపై లూకస్, ఎంబిటి చేసిన అధ్యయనంలోనూ దాదాపు ఇదే ఫలితం. రొమేనియాలో మాత్రం పోప్-ఎలెకెస్, ఉర్కియోలా చూసినప్పుడు మెరుగైన బడిలో చేరినవారి మార్కులు పెరిగాయి. దాంతోపాటు మరో రెండు సంగతులు బయటపడ్డాయి. గీత దాటి అంచున చేరిన పిల్లలు తోటివారి ముందు తాము వెనుకబడ్డామని కుంగారు. మంచి బడి దొరికిందని తల్లిదండ్రులు ఇంట్లో చదివించడం తగ్గించారు.

వీటి నుంచి తెలిసేది ఒకటి. తెలివైన పిల్లలను ఒకచోట చేర్చినంత మాత్రాన చదువు పెరుగుతుందని హామీ లేదు. చేర్చిన తరువాత బడి ఏం ఇస్తుందన్నది ముఖ్యం. పెద్ద నగరంలో ఎంపిక బడి దొరకని పిల్లకు కాస్త తక్కువైనా మరో మంచి బడి దొరుకుతుంది. అందుకే అక్కడ తేడా తక్కువ. మన పల్లెలో నవోదయ దొరకని పిల్లకు ఎదురుగా ఉన్నది చాలాసార్లు గణితం టీచరు లేని ఉన్నత పాఠశాల. కాబట్టి ఇక్కడ తేడా ఎక్కువ ఉండే అవకాశం ఉంది. అయితే ఆ తేడా వచ్చేది పరీక్ష వల్ల కాదు. మూడు పూటలా తిండి, సబ్జెక్టుకొక టీచరు, సాయంత్రం చదువుకోవడానికి వెలుతురు, పక్కన అడిగితే చెప్పే మనిషి, వీటన్నిటి వల్ల.

మన దగ్గరే దీనికి మరో ఆధారం ఉంది. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004లో మొదలయ్యాయి. అవి ముందున్న పిల్లలను ఏరుకోవు. బడి మానేసిన, వెనుకబడిన ఆడపిల్లలను వెతికి చేర్చుకుంటాయి. అలాగే సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మేలో, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఏ ప్రవేశ పరీక్షా ఆ శక్తిని కొలిచి ఉండేది కాదు. అవకాశం, శిక్షణ, నమ్మకం ఇచ్చిన మనుషులు అందితేనే అది బయటపడింది.

మూడో ప్రశ్న: వెనుక మిగిలిన బడి ఏమవుతుంది?

ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు అందరి చూపూ ఎంపికైనవారి మీదే ఉంటుంది. మిగిలినవారి లెక్క ఎవరూ తీయరు. ఆ లెక్క ఎంత ముఖ్యమో ఇంగ్లండ్ అనుభవం చెబుతుంది.

1944 విద్యాచట్టం తరువాత అక్కడ పదకొండేళ్ల పిల్లలకు ఒక పరీక్ష పెట్టారు. నెగ్గినవారు గ్రామర్ స్కూళ్లకు, మిగతా ఎక్కువమంది సెకండరీ మోడర్న్ బడులకు వెళ్లారు. కాగితం మీద రెండు రకాల బడులకూ సమాన గౌరవం ఉంది. ఆచరణలో డబ్బు, అర్హత గల టీచర్లు, విశ్వవిద్యాలయం దారి అన్నీ మొదటి రకానికే దక్కాయి. పదకొండేళ్ల వయసులో ఒక రోజు రాసిన పరీక్ష జీవితాంతం వెంట వచ్చింది. ఓడిపోయిన పిల్లల్లో మధ్యతరగతి పిల్లలూ ఉన్నారు. వారి తల్లిదండ్రుల అసంతృప్తి రాజకీయమైంది. 1965 నుంచి ప్రభుత్వం అందరికీ ఒకే రకం బడుల వైపు నడిచింది. 1998లో కొత్త గ్రామర్ స్కూళ్లు పెట్టకుండా చట్టం చేసింది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో మిగిలినవి 163. వాటి మీద వాదన మాత్రం ఇంకా ఆగలేదు.

నవోదయకూ దానికీ ఒక పెద్ద తేడా ఉంది. ఇంగ్లండ్‌లో తరగతిలో పావు భాగం వరకు పిల్లలు గ్రామర్ స్కూలుకు వెళ్లేవారు. మన జిల్లాలో వేల మందిలో 80 మంది వెళ్తారు. ఒక ఊరి బడి నుంచి ఏడాదికి ఒకరు వెళ్తే గొప్ప. అంత తక్కువ మంది వెళ్తే మిగిలిన బడి కూలిపోదు. కానీ దాన్ని బాగుచేయమని అడిగే గొంతు మెల్లగా తగ్గుతుంది. మన పల్లెల్లో మాట్లాడగలిగిన తల్లిదండ్రులు ఒకరు నవోదయకు, ఒకరు గురుకులానికి, మరొకరు ప్రైవేటు బస్సుకు పిల్లలను పంపితే, గ్రామ బడిలో టీచరు ఎందుకు లేరని అడిగేవారు ఎవరు మిగులుతారు?

అలాగని ఎంపిక బడులను మూసేస్తే సరిపోతుందా? సరిపోదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంపిక ఒక్క ప్రభుత్వం చేతిలోనే లేదు. కార్పొరేట్ విద్యాసంస్థలు మార్కుల ప్రకారం సెక్షన్లు విడదీస్తాయి. ర్యాంకు తెస్తారనుకున్న పిల్లలకు ఫీజులో రాయితీ ఇచ్చి చేర్చుకుంటాయి. నవోదయ లేకపోతే ఎంపిక ఆగదు. అది డబ్బున్నవారి మధ్య జరుగుతుంది. పేద పిల్ల ఆ వరుసలో నిలబడే అవకాశం కూడా పోతుంది. నవోదయను సమర్థించేవారి వాదనల్లో నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది ఇదే.

ఎంపిక ఉంటే, అది ఎలా ఉండాలి?

పరీక్షకూ లాటరీకీ మధ్య ఇంకా కొన్ని దారులు ఉన్నాయి. వాటిలో ఒకటి మన దగ్గరే జరిగింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు మొదలయ్యాయి. పదో తరగతి తరువాత ఆరేళ్ల చదువు అది. ప్రవేశ పరీక్ష పెట్టలేదు. ప్రతి మండలంలో పదో తరగతిలో ముందున్నవారిని తీసుకోవాలని అనుకున్నారు. ప్రభుత్వ బడుల్లో చదివినవారి గ్రేడు సగటుకు 0.4 కలిపారు. ప్రతికూలతకు తూకం (లేమిలో చదివినందుకు కలిపే అదనపు మార్కు) అన్నమాట. మారుమూల మండలంలో జిల్లా పరిషత్ బడి పిల్ల పట్నం పిల్లతో పోటీ పడనక్కర్లేదు, తన మండలంలో ముందుంటే చాలు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం 1997లో దాదాపు ఇలాంటి ఆలోచనతోనే ప్రతి ఉన్నత పాఠశాలలో పైనున్న పది శాతం మందికి విశ్వవిద్యాలయ ప్రవేశం ఇచ్చింది. షికాగో నగరం ఎంపిక బడుల్లో కొన్ని సీట్లను మార్కుల వరుసలో నింపి, మిగిలినవాటిని నివాస ప్రాంతాల ఆర్థిక స్థితిని బట్టి చేసిన నాలుగు అంచెల మధ్య పంచుతుంది.

ఈ పద్ధతుల్లో ఒక సూత్రం కనిపిస్తుంది. పిల్ల ఎంత దూరం నడిచిందో చూడాలంటే, ఎక్కడ నుంచి బయలుదేరిందో కూడా చూడాలి. నవోదయలోనూ ఇది సాధ్యమే. గ్రామీణ కోటాలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలకు విడిగా వాటా ఇవ్వవచ్చు. కటాఫ్ దగ్గర ఒకటి రెండు మార్కుల తేడాలో గుమిగూడినవారి మధ్య లాటరీ తీయవచ్చు. పరీక్ష తేల్చలేని తేడాను తేల్చినట్టు నటించడం కంటే అది నిజాయితీ గల పద్ధతి. ప్రతి ఏడాదీ చేరిన పిల్లలు ఏ రకం బడుల నుంచి వచ్చారో జిల్లాల వారీగా ప్రకటిస్తే చాలు, కోటా నిజంగా ఎవరికి చేరుతోందో అందరికీ తెలుస్తుంది.

సీట్ల సంఖ్య కూడా తలరాత కాదు. తెలంగాణలో సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలన్నీ కలిపి దాదాపు వెయ్యి ఉన్నాయి. చాలాచోట్ల అద్దె భవనాలు, ఇరుకు గదులు వంటి సమస్యలు ఉన్నాయి. అయినా ఒక ప్రభుత్వం అనుకుంటే వసతితో కూడిన చదువును వందలకు కాక లక్షలకు చేర్చగలదని అది చూపించింది. సీట్లు పెరిగేకొద్దీ వడపోత కరుకుదనం తగ్గుతుంది.

చివరిగా, నవోదయల లక్ష్యాల్లో చాలామంది మరచిపోయిన ఒక మాట గురించి చెప్పాలి. జిల్లాలోని మిగతా బడులతో తన అనుభవాన్ని, వసతులను పంచుకుని, మొత్తం చదువు మెరుగుపడటానికి కేంద్రంగా నిలవడం కూడా నవోదయ పని అని ఆ పథకం మొదట్లోనే రాసుకున్నారు. ప్రయోగశాల, గ్రంథాలయం, అనుభవమున్న గణితం టీచర్లు ఉన్న బడి చుట్టుపక్కల జిల్లా పరిషత్ బడుల టీచర్లకు సెలవుల్లో శిక్షణ ఇవ్వవచ్చు. వారాంతంలో తన ప్రయోగశాలను ఆ పిల్లలకు తెరవవచ్చు. ఈ పని సక్రమంగా జరిగితే ఎంపిక మీద ఉన్న అభ్యంతరంలో సగం తీరుతుంది. అప్పుడు 80 మంది కోసం పెట్టిన ఖర్చు 80 మంది దగ్గరే ఆగదు.

నవోదయ గురించి ఎప్పుడు మాట వచ్చినా మనం ఒకే లెక్క అడుగుతాం: ఈ ఏడాది ఎంత మంది పాసయ్యారు? ఆ లెక్క కావాలి, కానీ అది లోపలున్న పిల్లల లెక్క. దాంతోపాటు గీత దగ్గర ఆగిపోయిన పిల్ల ఎక్కడుందో, అసలు దరఖాస్తే పెట్టని తండా పిల్ల ఎక్కడుందో కూడా అడగాలి. ప్రజల డబ్బుతో నడిచే బడి ఈ ముగ్గురికీ జవాబుదారీ. ఎంపిక న్యాయమైనదా కాదా అన్నది వారి ముగ్గురి చదువు ఏమైందన్న దానిమీదే తేలుతుంది.